పాత ఫ్లాట్ కొనేముందు నీళ్ల వెంట నడవాలి: నా అనుభవం

హైదరాబాద్‌లో పన్నెండు, పదిహేనేళ్ల పాత ఫ్లాట్ల కోసం తిరిగితే మొదటి రోజు అన్ని ఇళ్లూ ఒక్కలాగే ఉంటాయి. కొత్తగా వేసిన రంగు, ఫాల్స్ సీలింగులో వెలిగే లైట్లు, బార్లా తెరిచిన కిటికీలు, మూలన ఓ అగరుబత్తి. ఏజెంటు హాల్లో నిలబెట్టి ఈస్ట్ ఫేసింగ్ అంటాడు, పది నిమిషాల్లో కిందికి దింపేస్తాడు. ఆ పది నిమిషాల్లో గదులెన్నో తెలుస్తుంది, అంతే. రీసేల్ ఫ్లాట్లు చూడగా చూడగా నాకు కుదిరిన పద్ధతి ఒకటే, నీళ్ల వెంట నడవడం. మేడమీద ట్యాంకు నుంచి కుళాయికి, కుళాయి నుంచి బాత్రూం జాలీకి, అక్కడి నుంచి కింది ఇంటి సీలింగుకి, సెల్లారుకి, చివరికి వీధి చివరి నాలాకి. కొన్నాక చేతి చమురు వదిలించే లోపాలు ఎక్కువగా ఈ దారిలోనే పట్టుబడతాయి.

ఒక్కసారి చూసి తేల్చుకునే పని కాదు. మొదటిసారి ఏజెంటు రమ్మన్నప్పుడు వెళ్లక తప్పదు. నచ్చితే రెండోసారి ఉదయం ఏడు, ఎనిమిది మధ్య వెళ్తాను. బిల్డింగంతా స్నానాలు చేసే వేళ కాబట్టి కుళాయిలో ధార అసలు ఎంతో అప్పుడే తెలుస్తుంది. మూడోసారి మధ్యాహ్నం మూడు దాటాక, పడమటి గోడ మీద అరచెయ్యి ఆనించి చూడటానికి. ఆఖరి అంతస్తయితే ఫ్యాన్లు ఆపి స్లాబు కింద ఐదు నిమిషాలు నిలబడాలి. ఇంకోసారి రాత్రి తొమ్మిది తర్వాత, కార్లన్నీ చేరాక. వానాకాలమైతే గట్టి వాన పడిన మర్నాడు వెళ్లడం అన్నిటికన్నా మేలు. రంగు కింద దాచిన చెమ్మ ఆ రోజు దాగదు.

సంచిలో ఓ టార్చి, 5 మీటర్ల టేపు, పది రూపాయల నాణెం, గోళీ, కరెంటు టెస్టరు, నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు, చెల్లని ఏటీఎం కార్డు ఒకటి. ఇవి చాలు.

ఫ్లాట్‌లోకి వెళ్లకముందే మేడ ఎక్కాలి. తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, అడిగితే ఇస్తాడు. ట్యాంకుకి మూత ఉందా, బోరు నీళ్లకీ మంజీరా నల్లా నీళ్లకీ ట్యాంకులు వేరా, స్లాబు మీద నీళ్లు నిలిచిన ఆనవాళ్లున్నాయా చూడాలి. వాన నీళ్లు దిగే గొట్టం మూతి దగ్గర మట్టి, నాచు పేరుకుంటే అక్కడ నీళ్లు గంటల తరబడి నిలుస్తున్నట్టే. పిట్టగోడ స్లాబుతో కలిసే మూల పొడుగునా సన్నని చీలిక ఉంటే ఆఖరి అంతస్తు సీలింగులోకి చెమ్మ వచ్చే దారి అదే. ట్యాంకు ఎత్తు కూడా కంటితో అంచనా వేసుకోండి. నీటికి 10 మీటర్ల ఎత్తు ఉంటే దాదాపు 1 బార్ ఒత్తిడి వస్తుంది. ట్యాంకు అడుగు మన షవరుకి 2 మీటర్లే పైన ఉంటే దక్కేది 0.2 బార్. చాలా ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్లకి అది చాలదు. పై అంతస్తు కొనేవాళ్లు ప్రెషర్ పంపు ఖర్చు ముందే కలుపుకోవాలి. కింది అంతస్తులకి ఈ బాధ లేదు.

ఇంట్లోకి వచ్చాక అన్ని కుళాయిలూ తిప్పి చూడటమే మొదటి పని. మొదటి నాలుగు సెకన్లు ఎర్రమట్టి రంగు వచ్చి తర్వాత తేటపడితే గోడలో ఉన్నవి జీఐ పైపులు (జింకు పూత వేసిన ఇనుపవి), లోపల తుప్పు పట్టాయి. 15 లీటర్ల బకెట్ నిమిషంన్నరలో నిండితే సరే. మూడు నిమిషాలు పడితే, వంటింటి కుళాయి కూడా తిప్పగానే ధార సగానికి పడిపోతే, పైపు లోపల పూడుకుపోయిందని అర్థం. గీజరు లైను విడిగా చూడాలి, ఉప్పు పేరుకునేది అక్కడే ఎక్కువ. పైపులు మార్చడమంటే బాత్రూం టైల్స్ పగలగొట్టడమే.

టీడీఎస్ మీటరు అంకె చూసి బెంబేలెత్తక్కర్లేదు. తాగేనీటికి భారతీయ ప్రమాణం లీటరుకి 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటుంది. నల్లా నీళ్లు ఒక గ్లాసులో, బోరు నీళ్లు ఒక గ్లాసులో పట్టి రెండూ కొలవండి. బోరుది బాగా ఎక్కువ వచ్చి, షవరు రంధ్రాల చుట్టూ తెల్లని పొర గట్టిపడి ఉంటే, గీజరు కాయిలు, వాషింగ్ మెషీను, బాత్రూం అద్దాల తలుపులు అన్నిటికీ ఆయుష్షు తక్కువే.

నీళ్లు ఎన్ని ఉన్నాయన్న మాట యజమాని చెప్పేది కాదు. అసోసియేషన్ ఖర్చుల పుస్తకంలో ఏప్రిల్, మే నెలల పేజీ అడగాలి. అక్కడ ట్యాంకర్ల లెక్క ఉంటుంది. లెక్క మనమూ వేసుకోవచ్చు: 20 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, మనిషికి రోజుకి 135 లీటర్ల చొప్పున 10,800 లీటర్లు. జలమండలి ట్యాంకరు 5,000 లీటర్లది. బోరు ఎండిన రోజున రెండు ట్యాంకర్లకి మించి కావాలన్నమాట. పుస్తకం చూపించడానికి నసుగుతుంటే వాచ్‌మన్‌ని అడగండి: "అన్నా, ఎండాకాలంల ట్యాంకర్లు ఎన్ని వస్తయి?" తడుముకోకుండా చెప్తాడు.

ఇక బాత్రూం. నేను ఎక్కువ సేపు గడిపేది ఇక్కడే, ఎందుకంటే ఫ్లాట్‌లో మన ఇంటి లోపం చాలాసార్లు పైవాళ్ల ఇంట్లో ఉంటుంది. మన అపార్ట్‌మెంట్లలో బాత్రూం స్లాబుని మిగతా నేల కన్నా ముప్పావు అడుగు, అడుగు పల్లంగా పోస్తారు. ఆ గుంతలో పైపులు పరిచి, ఇటుక ముక్కలతో నింపి, పైన టైల్స్ వేస్తారు. టైల్స్ మధ్య సిమెంటు పోయినా, జాలీ చుట్టూ సందు వచ్చినా నీళ్లు ఆ ఇటుక ముక్కల్లోకి దిగి చెరువులా నిలుస్తాయి. వాటర్‌ప్రూఫింగ్ ఎంత బాగా చేసినా ఏళ్లు గడిచేకొద్దీ ఎక్కడో ఓ చోట వదులుతుంది. ఆ నీళ్లకి రెండే దారులు: కింది ఇంటి సీలింగు, లేదా పక్క బెడ్‌రూం గోడ.

అందుకే బెడ్‌రూంలో బాత్రూం వైపు గోడ పట్టుకోవాలి. చాలా ఇళ్లలో సరిగ్గా ఆ గోడకే వార్డ్‌రోబు ఉంటుంది. అన్నిటికన్నా కింది డ్రాయరు పూర్తిగా బయటికి లాగి, నేల మీద కూర్చుని లోపలికి టార్చి వేయండి. టార్చిని గోడకి ఎదురుగా పట్టుకుంటే ఏమీ కనిపించదు. గోడకి ఆనించి, పక్కనుంచి పాకేలా వేయాలి. అప్పుడు రంగు కింది బుడగలు, పుట్టీ పూసి సాఫు చేసిన చోటి అంచులు అన్నీ నీడలతో సహా బయటపడతాయి. నేల నుంచి అడుగు ఎత్తులోపు తెల్లని పొడి చేతికి అంటితే అది నీటితో వచ్చి గోడ మీద ఆరిన ఉప్పు. ప్లైవుడ్ వెనక పలక గోటితో నొక్కితే మెత్తగా దిగిపోతే ఇంకో రుజువు అక్కర్లేదు. గదిలో నాలుగు గోడలు పాతరంగులో ఉండి ఒక్క గోడ మాత్రం కొత్తగా మెరుస్తుంటే మొదట చూడాల్సింది దాన్నే.

తర్వాత బాత్రూం సీలింగు. పీవీసీ పలకలో, జిప్సమో కొట్టి ఉంటే ఓ లైటు ఊడదీయించి ఆ రంధ్రంలోంచి ఫోను పైకెత్తి వీడియో తీస్తే చాలు. పైవాళ్ల జాలీ పైపు స్లాబులోంచి దిగే చోట నీటి చుక్క, సున్నంలా గడ్డకట్టి కిందికి వేలాడే తెల్లని ముల్లు, గోధుమరంగు గీత ఉన్నాయేమో చూడండి. తెల్లనిది చాలాకాలంగా కారుతోందనడానికి గుర్తు. గోధుమరంగుది కనిపిస్తే లోపలి ఇనుముకి తుప్పు మొదలైందనుకోవాలి. దీన్ని మన ఇంట్లోంచి బాగుచేయడం కుదరదు. పైవాళ్లు ఒప్పుకుని వాళ్ల టైల్స్ పగలగొట్టనివ్వాలి. ఆ మాట ఫ్లాట్ కొన్నాక అడిగితే ఒకలా ఉంటుంది, కొనకముందు అమ్మేవాళ్ల చేత అడిగిస్తే ఇంకోలా ఉంటుంది.

కాబట్టి కిందింటి తలుపూ తట్టాలి. మొహమాటం వద్దు. "నమస్తే అండీ, పై ఫ్లాట్ కొందామని చూస్తున్నాం, మీ బాత్రూంలో ఏమైనా కారుతోందా?" అంటే చాలు. పైవాళ్లతో ఎన్నాళ్లుగానో గొడవపడుతున్నవాళ్లయితే లోపలికి పిలిచి మరీ చూపిస్తారు. వాళ్ల సీలింగు తడిగా ఉంటే ఫ్లాట్‌తో పాటు ఆ గొడవా మన పేర రిజిస్టర్ అయినట్టే.

వాసన గురించి ఒక మాట. చాన్నాళ్లు తాళం వేసిన ఇంట్లో మురుగు వాసన వస్తే వెంటనే వద్దనుకోకండి. జాలీ కింద ట్రాపులో రెండు అంగుళాల నీరు నిలిచి పైపులోని గాలిని ఆపుతుంది. వాడకపోతే ఆ నీరు ఎండిపోతుంది. ఒక్కో జాలీలో చెంబెడు నీళ్లు పోసి పావుగంట ఆగండి. వాసన పోతే సరే. పోకపోతే ట్రాపు లేదు, లేదా పగిలింది. ఫ్లష్ కొట్టినప్పుడు పక్క జాలీలో గుడగుడమంటే లైను ఎక్కడో సగం మూసుకుంది, లేదా గాలి గొట్టం లేదు. మొదటి అంతస్తు చూసేవాళ్లు సెట్‌బ్యాక్‌లో, అంటే బిల్డింగు చుట్టూ వదిలిన ఖాళీలో, ఉన్న మురుగు చాంబరు మూత కూడా తీయించాలి. అది పొంగితే మురుగు ముందు తన్నుకొచ్చేది కింది ఇళ్లలోకే.

మనవాళ్లు ఇల్లు చూసేటప్పుడు వాస్తు చూడకుండా ఉండరు, నాకు దానితో పేచీ లేదు. పాత ఓనరు వాస్తు కోసం ఏం మార్చాడన్నదే నేను చూసేది. పై ఫ్లాట్, కింది ఫ్లాట్ ప్లానుతో పోలిస్తే ఇట్టే దొరుకుతుంది. వాళ్లకి ఈశాన్యంలో ఉన్న బాత్రూం ఇక్కడ పూజగది అయి, టాయిలెట్ వేరే మూలకి వెళ్లిందా? అయితే అక్కడ పల్లపు స్లాబు లేదు. మామూలు స్లాబు మీదే పైపులు పరిచి, నేల ఎత్తు పెంచి ఉంటారు. లోపలికి వెళ్లడానికి మెట్టు ఎక్కాల్సి వస్తే అదే గుర్తు. ఆ పైపులకి వాలు చాలదు, కింద బెడ్‌రూం ఉంటుంది, కారితే నేరుగా మంచం మీదే. గుమ్మం జరిపిన చోట, బాల్కనీని గదిలో కలిపిన చోట బీమునో స్తంభాన్నో చెక్కారేమో చూడాలి.

పగుళ్ల దగ్గర భయం కన్నా ఓపిక అవసరం. బీము కింద అడ్డంగా, స్తంభం పక్కన నిలువుగా వెంట్రుక మందం గీత ఉంటే ఇటుక గోడ, కాంక్రీటు ఎండకి వేర్వేరుగా సాగి ముడుచుకోవడం వల్ల వచ్చిందది. ప్లాస్టరింగ్ ముందు ఆ అతుకు మీద చికెన్ మెష్ (సన్నని ఇనుప వల) కొట్టకపోతే ఇలాగే అవుతుంది, పుట్టీతో పోతుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకే పగులు వేరు. అందులో ఏటీఎం కార్డు దూరితే, అంటే ముప్పావు మిల్లీమీటరు దాటితే, పై అంతస్తులో, కింది అంతస్తులో కూడా అదే చోట ఉందేమో చూడండి. ఉంటే పునాది దిగుతోందన్న అనుమానం పెట్టుకోవాలి, స్ట్రక్చరల్ ఇంజనీరు చూడకుండా బయానా ఇవ్వకూడదు. స్టిల్ట్‌లో, అంటే స్తంభాల మీద నిలిచిన పార్కింగు అంతస్తులో, స్తంభాల అంచుల వెంట నిలువు పగుళ్లు, పెచ్చులూడిన చోట ఎర్రని మరక ఇంకా చెడ్డవి. ఇనుము తుప్పు పడితే రెట్టింపుకి పైగా ఉబ్బి కాంక్రీటుని బయటికి నెట్టేస్తుంది. ఆ బిల్డింగులో ఏ ఫ్లాట్ అయినా ఒకటే.

టైల్స్ మీద నాణెంతో కొడుతూ నడిస్తే డొల్ల శబ్దం వచ్చే చోట్లు తెలుస్తాయి. నాలుగైదు అయితే ఫరవాలేదు, వరసగా ఉంటే ఎండాకాలం లేచిపోతాయి. బాల్కనీలో గోళీ వదిలితే బయటి వైపే దొర్లాలి. ద్వారబంధాల అడుగు భాగం తాళంచెవితో పొడవండి, చెదలు తిన్న చెక్క పైకి నున్నగానే ఉంటుంది, లోపల అట్టలా దిగుతుంది.

కరెంటు విషయంలో బిల్లు అడిగితే చాలా తేలుతుంది. పేరు ఎవరిది, కాంట్రాక్టెడ్ లోడు (కనెక్షన్‌కి ఒప్పుకున్న కిలోవాట్లు) ఎంత, బకాయిలున్నాయా అన్నీ దాని మీదే ఉంటాయి. టన్నున్నర ఏసీ ఒక్కోటి కిలోవాటున్నర దాకా లాగుతుంది, గీజరు రెండు. రెండు ఏసీలు, ఒక గీజరు కలిసి ఐదు కిలోవాట్లు. బిల్లు మీద మూడు ఉంటే లోడు పెంచుకునే డబ్బు కట్టాలి. స్విచ్‌బోర్డు పెట్టెలో ఎంసీబీలతో పాటు షాక్ కొట్టేలోపు కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే దాని టెస్ట్ బటన్ నొక్కండి, టక్కున పడిపోవాలి. ఎర్తింగ్ సంగతి ఎలక్ట్రీషియన్‌కి వదిలేయడం మేలు.

మళ్లీ నీళ్ల దారికి వద్దాం, కిందికి. సెల్లారు స్తంభాల మీద, గోడల మీద ఒకే ఎత్తులో గీసినట్టు మట్టిరంగు చార ఉందేమో టార్చి వేసి చూడండి. వరద నీళ్లు అంత ఎత్తున నిలిచాయని అర్థం. 2020 అక్టోబరు వానల్లో నీళ్లు లోపలికి వచ్చాయా అని అడిగితే పాత కాపురస్తులు ఠక్కున చెప్తారు, ఆ వారం ఎవరూ మర్చిపోలేదు. లిఫ్టు గుంతలో నీళ్లు ఊరుతున్నాయా అన్నది లిఫ్టు మెకానిక్‌ని అడగాల్సిన ప్రశ్న. పార్కింగు చూపించినప్పుడు తల ఊపి రాకుండా, మన కారు నిజంగా లోపల పెట్టి తలుపు తెరిచి దిగి చూడాలి. స్తంభం అడ్డొచ్చే చోటు కాగితం మీద బాగానే ఉంటుంది. సేల్ డీడ్‌లో ఆ పార్కింగు రాసి ఉందా అన్నది ఇంకో సంగతి.

చుట్టుపక్కల చెరువో నాలానో ఉంటే దూరం కొలవండి. 2012 నాటి 168వ నంబరు జీవో ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకి 9 మీటర్లు, 10 మీటర్లకి మించి వెడల్పున్న నాలాకి 9 మీటర్లు కట్టడాలు ఉండకూడదు. చెరువుల ఎఫ్‌టీఎల్ మ్యాపులు హెచ్ఎండీఏ సైట్‌లో దొరుకుతాయి. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక ఇది ఎవరూ తేలిగ్గా తీసుకోవడం లేదు, మంచిదే.

కాగితాలు లాయరు చూస్తాడు. కానీ కళ్లతో చూసిన బిల్డింగుకీ కాగితానికీ పొంతన కుదిరిందా అన్నది మనమే చూడాలి. శాంక్షన్డ్ ప్లాను కాపీ చేతిలో పెట్టుకుని రోడ్డు మీద నిలబడి అంతస్తులు లెక్కపెట్టండి. స్టిల్ట్ ప్లస్ ఐదు అని ఉండి పైన పెంట్‌హౌస్ వెలిసిందంటే అది ప్లానులో లేనిది. సెట్‌బ్యాక్ టేపుతో కొలవండి. కట్టడం ప్లాను ప్రకారమే ఉందని మున్సిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) ఉందా అడగండి. ఇక్కడో తిరకాసు ఉంది. పర్మిషన్ ఇచ్చేటప్పుడు బిల్డరు నుంచి కట్టడంలో 10 శాతం మున్సిపాలిటీ తనఖా పెట్టించుకుంటుంది, ఓసీ ఇచ్చాకే వదులుతుంది. ఆ తనఖా సాధారణంగా కింది అంతస్తుల ఫ్లాట్ల మీదే పడుతుంది. ఓసీ తీసుకోని బిల్డింగులో మొదటి, రెండో అంతస్తు ఫ్లాట్ చూస్తుంటే ఈ ఒక్క సంగతి లాయరుకి ప్రత్యేకంగా చెప్పాలి.

విస్తీర్ణం దగ్గర టేపు బయటికి తీయండి. 1,250 ఎస్‌ఎఫ్‌టీ అన్న ఫ్లాట్ గోడ నుంచి గోడకి కొలిస్తే 900 చుట్టూ తేలడం మామూలే, మిగతాది గోడలు, మెట్లు, లిఫ్టు, కారిడారు. అంతకన్నా ముఖ్యం యూడీఎస్, అంటే బిల్డింగు స్థలంలో మన ఫ్లాట్‌కి వచ్చే వాటా. 600 గజాల స్థలంలో 15 ఫ్లాట్లుంటే సగటున 40 గజాలు రావాలి. డీడ్‌లో 28 ఉంటే మిగిలింది ఎవరి పేర ఉందో అడగాలి. పాత బిల్డింగులో ఏళ్లు గడిచేకొద్దీ గోడల విలువ తగ్గుతుంది, నిలిచేది ఈ గజాలే.

ధర మాట్లాడేటప్పుడు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి తెలంగాణలో 7.5 శాతం పక్కన పెట్టుకోవాలి. ధర 50 లక్షలు, ఆ పైన అయితే కొనేవాళ్లే అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి 1 శాతం ఆదాయపన్ను పట్టి కట్టాలి, దీన్నీ టీడీఎస్ అనే అంటారు. అమ్మేవాళ్లు అమెరికాలోనో ఇంకెక్కడో ఉన్న ఎన్నారై అయితే ఈ 1 శాతం లెక్క చెల్లదు. వాళ్లకి పట్టాల్సింది చాలా ఎక్కువ, ఆడిటర్‌ని అడక్కుండా డబ్బు పంపకండి. తక్కువ పడితే ఆదాయపన్ను శాఖ అడిగేది కొన్నవాళ్లని.

బయానా ఇచ్చేముందు రాసుకునే అగ్రిమెంటులో చూసినవన్నీ వాక్యాలుగా రావాలి: పై బాత్రూం లీకు రిజిస్ట్రేషన్ లోపు ఆపించాలి, అసోసియేషన్ బకాయి లేదని ఉత్తరం తేవాలి, కరెంటు, నల్లా, ఇంటిపన్ను బిల్లులు కట్టేయాలి, ఫలానా గీజర్లు, ఫ్యాన్లు, ఏసీలు, చిమ్నీ ఇంట్లోనే ఉంచాలి. వాళ్లకి బ్యాంకు లోను ఉంటే బకాయి ఎంత, బ్యాంకు దగ్గర ఏ ఏ ఒరిజినల్స్ ఉన్నాయి అన్న జాబితా బ్యాంకు లెటర్‌హెడ్ మీదే అడగాలి, నోటి మాట వద్దు.

రిజిస్ట్రేషన్ రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లేముందు ఓ అరగంట ముందుగా ఫ్లాట్‌కి వెళ్లండి. కుళాయిలు మళ్లీ తిప్పండి, వార్డ్‌రోబు కింది డ్రాయరు మళ్లీ లాగండి, గీజర్లు గోడకే ఉన్నాయా చూసుకోండి, కిందికి దిగి మీటరు రీడింగు ఫొటో తీసుకుని అప్పుడు బయల్దేరండి.